మామ్మ గౌను, పట్టుకొంగు

ఆ ఇంట్లో తిట్టు తినని మనిషి టైలరమ్మ ఒక్కతే. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపనికని దేశం కాని దేశం వచ్చి, ఆ ఇంటి మేడమీది గదిలో దిగి ఎనిమిది నెలలైంది. ఇంటికి పెద్ద మామ్మ. పొద్దున లేస్తూనే కొడుకుని తిడుతుంది, కోడల్ని తిడుతుంది, పొంగబోయే పాలని కూడా వదలదు. టైలరమ్మ ఎదురుపడితే మాత్రం నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నట్టే.

"మీరు కూర్చోండమ్మా. మా అతిథులు!"

వాళ్ల పండగనాడు కూడా అదే వరస. టైలరమ్మ కూరలు తరగబోతే కత్తి లాక్కుంది. గిన్నెలు కడగబోతే కుళాయి కట్టేసింది.

"ప్రార్థనలో మా ఇంటివాళ్లం ముందు వరసలో కూర్చుంటాం. మీకు వెనక అతిథుల వరసలో మంచి కుర్చీ అట్టేపెట్టించాను."

టైలరమ్మకు మనసు చివుక్కుమంది. ఏడాదికొక్క పండగ, ఆ పూట కూడా చుట్టంచూపేనా అనుకుంటూ పెట్టె అడుగునున్న పట్టుచీర తీసి కట్టుకుంది.

బయల్దేరబోతూ మామ్మ పై అరలో పళ్లెం కోసం చెయ్యెత్తింది. పర్రుమని గౌను చంక నుంచి నడుము దాకా చిరిగింది.

"పోయినేటి గౌను పట్టదత్తయ్యా అని చెప్తూనే ఉన్నా," అంది కోడలు.

"నోర్ముయ్! నేను లావెక్కలేదు, అదే చిక్కింది!"

వీపున ఇరవై రెండు గుండీలు. అవి విప్పి ఇంకోటి తొడిగేసరికి ప్రార్థన కాస్తా అయిపోతుంది. టైలరమ్మ సూదీ దారంతో వచ్చి మోకాళ్లమీద నిలబడింది. ఒంటిమీదున్న బట్ట కుట్టకూడదని వాళ్లమ్మ అనేది. వినే తీరికెక్కడ?

"ఊపిరి బిగబట్టండి మామ్మగారూ!"

ఫ్యాక్టరీ అలవాటున చకచకా రెండు వరసలు కుట్టి, ముడేసి, దారం కొరికింది.

మామ్మ గుమ్మం వైపు రెండడుగులు వేసింది. వెనకే టైలరమ్మ పలుపుతాడు కట్టిన దూడలా వెళ్లింది. చూస్తే ఏముంది, గౌనుకీ పట్టుకొంగుకీ కలిపి జానెడు కుట్టు! మన పెళ్లిళ్లలో కొంగుముడి ఉంటుందే, అచ్చం అలా.

కోడలు నవ్వాపుకోలేక గోడకు జారబడింది. బయట కొడుకు కారు హారన్ మోగిస్తున్నాడు.

"కత్తెర తెస్తానుండండి," అంది టైలరమ్మ ఏడుపుగొంతుతో.

"పట్టుచీరకా కత్తెర? బుద్ధుందా నీకు? కళ్లు నెత్తిన పెట్టుకుని కుడతావా మొద్దూ! నడు, నడు!"

టైలరమ్మ తన చెవులను తానే నమ్మలేకపోయింది. ఎనిమిది నెలల 'మీరు' ఒక్క కుట్టుతో 'నువ్వు' అయింది.

ముందు వరసలో కొడుకూ కోడలూ ఒదిగి చోటిచ్చారు. మామ్మ లేస్తే టైలరమ్మ లేచింది, కూర్చుంటే కూర్చుంది. వెనక మంచి కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది.

ఇంటికి రాగానే మామ్మ చెయ్యెత్తి నిలబడింది.

"ఇంక విప్పు."

"విప్పుతాలెండి. ముందు ఆ గిన్నెలు కడగనా?"

"నువ్వు కాకపోతే మీ తాత కడుగుతాడా?"

అంతే, టైలరమ్మ కుట్టు విప్పకుండానే వంటింట్లోకి దారితీసింది. తిట్టుకుంటూనైనా మామ్మకు వెంట నడవక తప్పలేదు.