కల్లంబీ దాకా వెళ్ళే బండి

బుధవారం పొద్దున లోర్నా ముందు మొగుడి నెత్తిన టోపీ పెట్టేది, తరవాత టీవీ పెట్టేది. టోపీ మర్చిపోయిన రోజు క్లారీ ఎండకి కమిలిపోయిన ఎర్రటి ముక్కుతో తిరిగొచ్చేవాడు. ఒళ్ళో నీళ్ళ సీసా, డబ్బాలో వెజిమైట్ అనే ఉప్పటి నల్ల ముద్ద రాసిన రొట్టెముక్కలు, చొక్కా జేబులో మాత్రలు. అన్నీ సర్ది, కుర్చీని టీవీకి సరిగ్గా ఎదురుగా జరిపి, రిమోట్ నొక్కేది. తెర మీద రైలు పట్టాలు కనిపించేవి. డ్రైవర్లు ఇంజను ముందు అద్దంలోంచి తీసిన సినిమాలవి. వాటిలో మాటలుండవు, కథ ఉండదు. పట్టాలు, చెట్లు, ఆకాశం, అప్పుడప్పుడూ ఒక కూత. రైలు స్టేషను దాటి వేగం అందుకునేసరికి క్లారీ కుర్చీ ఖాళీగా ఉండేది.

ఇప్స్‌విచ్ ఊళ్ళో వాళ్ళ వీధిలో అందరిళ్ళలోనూ అంతే. ఎదురుగా కూర్చుని చూస్తే బండెక్కుతారు, పక్కన సోఫాలో కూర్చుంటే ఎక్కరు. బండి నడుస్తుండగా టీవీ ఆపేస్తే మనిషి మళ్ళీ కుర్చీలో ఉంటాడు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. సినిమా చివరిదాకా పోనిస్తే మనిషి ఆ చివరి స్టేషనులో దిగిపోతాడు. అప్పుడిక అటునుంచి వచ్చే బండి సినిమా వెతికి పెట్టాలి. వారానికోసారి క్లారీని చూసిపోయే నర్సు కూడా, "గాలి మార్పు మంచిదే. మాత్రలు మాత్రం జేబులో పెట్టి పంపండి" అంది.

క్లారీ నలభై ఏళ్ళు మాంసం కొట్టు నడిపాడు. వయసు మీదపడి కొట్టు అమ్మేసిన మరుసటేడు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట మిగిలింది గానీ ఒక్కో మాటా వెతుక్కుని తెచ్చినట్టు వచ్చేది. అతన్ని ఒంటరిగా వదల్లేక లోర్నా బుధవారాలు చర్చి హాల్లో పాడే బృందానికి వెళ్ళడం మానేసింది. రెండేళ్ళపాటు ఆ ఇంట్లో ఈల కూడా వినపడలేదు. రైలు సినిమాల సంగతి పక్కింటి డల్సీ చెప్పాకే లోర్నాకి బుధవారాలు తిరిగొచ్చాయి.

మొదట్లో క్లారీ అడిగిందే పెట్టేది. అతనికి ఉత్తరాన కొండల్లో తిరిగే బండి ఇష్టం. సొరంగాలు, జలపాతాలు, తడి ఆకులు. ఆ బండి దిగి వచ్చిన రోజు చొక్కా భుజాల మీద నీటి తుంపర ఉండేది, మాట కూడా కాస్త త్వరగా వచ్చేది. కానీ ఆ సినిమా గంటన్నరే. పాట అయ్యాక టీ ఉంటుంది, టీ తరవాత కబుర్లుంటాయి. లోర్నా అందం మానేసి నిడివి చూసి సినిమాలు వెతకడం మొదలెట్టింది. అలా దొరికింది పడమటి లైను. పొద్దున బయల్దేరి సాయంత్రం దాకా మైదానం మీద పోతూనే ఉంటుంది. చివరి స్టేషను కల్లంబీ.

"కొండల బండి పెట్టు లోర్నా" అన్నాడు క్లారీ.

"అది ఇట్టే అయిపోతుంది క్లారీ. పడమటి లైనైతే తీరిగ్గా చూడొచ్చు."

"అక్కడ చూట్టానికేముంది? గడ్డి."

"గడ్డిలో కంగారూలుంటాయిగా."

"మాంసం కొట్టువాడికి కంగారూల్ని చూపించి మురిపిస్తావా?" అని నవ్వాడు.

లోర్నా కూడా నవ్వి పడమటి లైనే పెట్టింది. తరవాత వారమూ అదే పెట్టింది. ఆ తరవాత అతను అడగటం మానేశాడు. తనే టోపీ వైపు ఎడమ చెయ్యి చాపేవాడు. అలా చాపినప్పుడల్లా లోర్నా కిటికీలోంచి బయటికి చూసేది.

మార్చిలో ఒక బుధవారం బృందమంతా శాండ్‌గేట్‌లో సముద్రం ఒడ్డున పాడటానికి వెళ్ళింది. పాట అయిపోయాక అందరూ చేపలు, బంగాళాదుంప వేపుళ్ళ పొట్లాలు కొనుక్కుని గోడ మీద కూర్చున్నారు. లోర్నా గడియారం చూసుకుంది. అప్పుడు లేచి బయల్దేరితే సరిపోతుంది. సినిమా అవకముందే ఇల్లు చేరుతుంది. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు. తెలిసీ, జోళ్ళు విప్పి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని నీళ్ళలోకి దిగింది. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. ఎవరో ఆమెని ఏదో అడిగారు, ఆమె తల వెనక్కి వాల్చి నవ్వింది. మళ్ళీ గడియారం చూసుకునేసరికి టైము దాటిపోయింది.

ఇంటికొచ్చేసరికి సందె చీకటి పడుతోంది. టీవీ తనంతట తనే ఇంకేదో పెట్టుకుని, ఎవరో కేకుకి క్రీము పూస్తుంటే చూపిస్తోంది. కుర్చీ ఖాళీగా ఉంది.

గాభరాగా డల్సీని పిలిచి, కల్లంబీ నుంచి తిరిగొచ్చే బండి సినిమా పెట్టింది. ఇద్దరూ పక్కగా సోఫాలో కూర్చున్నారు. తెర మీద చిన్న ప్లాట్‌ఫారం, నీళ్ళ ట్యాంకు, ఒక బెంచీ. బెంచీ మీద ఎవరూ లేరు. బండి కదిలిపోయింది.

"మళ్ళీ పెట్టు. దొడ్డికెళ్ళుంటాడు" అంది డల్సీ.

మళ్ళీ పెట్టారు. మూడోసారీ పెట్టారు. బెంచీ మీద ఎవరూ లేరు.

"పోలీసులకి చెప్దామా?" అంది లోర్నా.

"ఏమని చెప్తావే? చేపలు తింటూ మొగుణ్ణి బండిలో మర్చిపోయానని చెప్తావా?" అని డల్సీ నవ్వబోయి, లోర్నా మొహం చూసి ఆగిపోయింది.

"మర్చిపోలేదు" అంది లోర్నా.

మర్నాడు పొద్దున టోపీ తనే పెట్టుకుని క్లారీ కుర్చీలో కూర్చుంది. డల్సీ పడమటి లైను పెట్టి, గుమ్మం దగ్గరే నిలబడి చెయ్యి ఊపింది. కాసేపటికి కుర్చీ చేతుల బదులు ఇనప కడ్డీ తగిలింది లోర్నా చేతికి. పక్కన డ్రైవరు యాపిల్ కొరుకుతోంది. నలభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, చొక్కా మీద రెనీ అని పేరు.

"ఇది క్లారీ సీటు" అంది రెనీ. ఒకసారి పైకీ కిందకీ చూసి, "ఓహో, మీరేనా పాడే ఆవిడ?" అంది.

"ఎవరు చెప్పారు?"

"ఆయనే. ఇంకెవరు చెప్తారు? ఆగిన ప్రతిచోటా ఎవరో ఒకరికి చెప్తూనే ఉంటాడుగా, 'ఇవాళ మా ఆవిడ పాడుతోంది' అని. పొద్దెక్కాక గడియారం చూసి, 'ఇప్పుడు మొదలెట్టి ఉంటారు' అంటాడు. అప్పుడు కాసేపు నేను కూడా మాట్లాడను. మరీ అవసరమైతే తప్ప కూత కూడా వెయ్యను."

లోర్నా అద్దం వైపు తిరిగింది. బయటికి చూస్తూ కూర్చుంది. ఇన్ని వారాలూ ఆమె తనకి తాను చెప్పుకుంటూ వచ్చింది, ఆ మైదానంలో కూడా ఏదో అందం ఉండే ఉంటుందని, చూసే కన్నుండాలని. మధ్యాహ్నం దాకా ఆ అందం కోసం వెతికింది. క్లారీ చెప్పిందే నిజం. అది గడ్డి. ఎండిన గడ్డి, ఫెన్సింగు తీగ, మళ్ళీ గడ్డి. కళ్ళు మండాయి, నడుం పట్టేసింది. సగం రొట్టె తినేసరికి మిగతా సగం ఎండి చెక్కలా తయారైంది. అతను ఒక చేత్తో ఆ డబ్బా మూత ఎలా తీసుకునేవాడా అని అప్పుడు తట్టిందామెకి. ఒక్కరోజు కూడా ఆలోచించలేదు.

"డబ్బా మూత..." అని మొదలెట్టింది.

"నేనే తీసిచ్చేదాన్ని" అంది రెనీ.

కల్లంబీలో దిగిన మనిషి లోర్నా ఒక్కతే. ఉన్నదల్లా ఒక వీధి. వీధి చివర ఒక పబ్బు. దాని వెనక నుంచి క్లారీ గొంతు వినిపించింది. తిడుతున్నాడు, మాటలు తడుముకోకుండా.

మాంసం నిలవుంచే చల్లని గదిలో సగం ఆవు కొక్కేనికి వేలాడుతోంది. ఎత్తు స్టూలు మీద క్లారీ, మెళ్ళో తెల్లటి ఆప్రాన్, ఎడమ చేతిలో కత్తి. పక్కన పబ్బు యజమానురాలు బెవ్, భారీ మనిషి, మాంసాన్ని రెండు చేతులా అదిమి పట్టుకుని నిలబడింది.

"ఎముక వెంట పో బెవ్. ఎముకే దారి చూపిస్తుంది. అలా పొడవకు, అదేం నీ మొగుడు కాదు."

"మొగుడే అయితే ఇంత నెమ్మదిగా కొయ్యను" అంది బెవ్.

లోర్నా గుమ్మంలోనే నిలబడిపోయింది. జబ్బు చేశాక ఇంట్లో కత్తులన్నీ పై అరలో దాచింది తనే. క్రిస్మస్ భోజనానికి నలుగురు కూర్చున్న బల్ల దగ్గర, అతని పళ్ళెంలో పంది మాంసాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, చెంచా చేతికిచ్చింది కూడా తనే. ఆ రోజు అతను తినలేదు. ఆకలి లేదేమో అనుకుంది.

"వచ్చావా" అన్నాడు క్లారీ.

"క్లారీ, నిన్న నేను..."

"ఆలస్యమైంది. అంతేగా."

"ఆలస్యం కాలేదు. ఉండిపోయాను. టైము చూసుకుని మరీ ఉండిపోయాను."

అతను కత్తి బల్ల మీద పెట్టాడు. "చీకటి పడేదాకా బెంచీ మీదే కూర్చున్నా. నిన్ను తిట్టుకుంటూ."

"వీధి వీధంతా విన్నాం" అంది బెవ్. "ఆ తిట్లు ఆగేలా లేవని నేనే వెళ్ళి తీసుకొచ్చా."

"నిన్న రాత్రి మూడుసార్లు బండి పెట్టాను, నీ కోసం."

"చూశా. ఒకసారి బెంచీ దాకా వెళ్దామనుకున్నా కూడా." క్లారీ గడ్డం గోక్కున్నాడు. "కానీ ఈవిడ సాసేజీలు పెట్టింది నా ముందు. లోర్నా, అవి సాసేజీలు కావు. తప్పు ఎక్కడుందో చూపించాలిగా. ఈ ఊరికి మాంసం కొట్టువాడు లేడు. ఉన్నోడు ఎప్పుడో వెళ్ళిపోయాడట. ఇక్కడ కొన్నాళ్ళు ఉంటాను."

"నీకు స్నానం ఎవరు చేయిస్తారు? మాత్రలు..."

"మా అమ్మని ఆరేళ్ళు మంచంలోనే చూసుకున్నా" అంది బెవ్. "ఈయన ఆవిడకన్నా తేలిగ్గానే ఉన్నాడు."

ఉంటాను అన్న మాట చెవిన పడగానే లోర్నాకి ముందు కలిగింది బాధ కాదు. శాండ్‌గేట్‌లో నీళ్ళలో కాలు పెట్టినప్పుడు కలిగిందే మళ్ళీ కలిగింది. ఒక్క క్షణం ఒళ్ళంతా తేలికైపోయింది. ఆ వెంటనే సిగ్గు ముంచుకొచ్చి ఆమె మొహం పక్కకి తిప్పుకుంది.

"తిప్పుకోకు" అన్నాడు క్లారీ. "నాకూ అలాగే ఉంది."

మర్నాడు పొద్దున తిరుగు బండిలో ఆమె ఒక్కతే ఎక్కింది. బండి వేగం అందుకోగానే డల్సీ టీవీ ఆపేసింది. వీధిలో ఎవరూ లోర్నాని ఒక్క మాట అనలేదు. "మంచి పని దొరికింది ఆయనకి" అన్నారు. నర్సు క్లారీ కాగితాలు కల్లంబీ వైపు తిరిగే నర్సుకి పంపించేసింది. ఎవరైనా తిడితే బావుండునని లోర్నాకి అనిపించేది. ఎవరూ తిట్టకపోయేసరికి తనకి తనే శిక్ష వేసుకుంది. బుధవారం వచ్చినా ఇల్లు కదల్లేదు. పాటల పుస్తకం డల్సీకి ఇచ్చి, బృందం వాళ్ళకి ఇచ్చెయ్యమంది.

శనివారం కుర్చీలో కూర్చుని, గడ్డంతా దాటుకుని కల్లంబీ వెళ్ళింది. అప్పటికి బెవ్ పబ్బు పక్క గదికి తెల్లసున్నం వేయించి, అద్దాల బల్ల పెట్టించింది. క్లారీ దాని వెనక కూర్చుని కీమా తూస్తున్నాడు. ఆమెని చూడగానే మొహం విప్పారింది.

"బుధవారం ఏం పాడారు?"

"నేను వెళ్ళలేదు."

"ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. ఇంక వెళ్ళను క్లారీ. నిన్నిక్కడ వదిలేసి అక్కడ నోరు తెరిచి ఎలా పాడను?"

అతని చెయ్యి తక్కెడ మీదే ఆగిపోయింది. మాట కోసం వెతికాడు. చాలాసేపు వెతికాడు.

"బుధవారం రెనీ బండి ఆపినప్పుడు నేను వెళ్ళి చెప్పానే, ఇవాళ నువ్వు పాడుతున్నావని! కూత కూడా వెయ్యలేదు రెనీ." మొహం కందిపోయింది. "నువ్వు పాడకపోతే నేనిక్కడ ఎందుకున్నట్టు? నన్ను ఊరికే పారేసినట్టు కాదూ?"

కీమా కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు గోడనున్న క్యాలెండరు చదవసాగారు. లోర్నా బల్ల అంచు పట్టుకుంది. బుధవారం బృందం వాళ్ళు పాడి ఉండాల్సిన పాట ఆమెకి నోటికొచ్చు. గొంతు సవరించుకుని మొదలెట్టింది. ఆమెది కింది స్వరం. నలుగురి గొంతుల కింద ఆనుకుని నడవాల్సిన వరస. ఒక్కతే పాడితే ఒకేచోట తచ్చాడుతున్నట్టుంటుంది, మధ్యలో ఊరికే ఆగుతుంది, మళ్ళీ ఎక్కడో అందుకుంటుంది.

"ఇదేం పాట? తలా తోకా లేదు" అంది బెవ్ గుమ్మంలోంచి.

"మిగతాది వేరేవాళ్ళు పాడతారు. ఇది ఆవిడ వంతు" అన్నాడు క్లారీ.

లోర్నా తలెత్తలేదు. చూపు నేల మీదే ఉంచి, వేరేవాళ్ళు పాడాల్సిన చోట ఆగుతూ, లెక్కపెట్టుకుంటూ, తన వంతు చివరిదాకా పాడింది.