చీటీ లేని రీళ్లు

దారపు రీలు ఇంటికి తేగానే మా చెల్లెలు చేసే మొదటి పని, దాని అడుగున అంటించిన నంబరు చీటీని గోటితో గీకి పారేయడం. ముప్పై ఏళ్ల కిందట ఆమె దగ్గర ఎంబ్రాయిడరీ నేర్చుకున్న ఒకావిడ ఆ నంబర్లన్నీ పుస్తకంలో రాసుకుపోయి, పక్క వీధిలో మిషన్ పెట్టి, అవే రంగులతో అవే పువ్వులు కుట్టింది. ఆనాటి నుంచి మా ఇంట ఏ రీలుకూ చీటీ మిగల్లేదు. రంగును గుర్తుపెట్టుకోవడం చెల్లెలి కంటి పని. ఆ కన్ను ఎన్నడూ తప్పలేదు. రంగుల రసాయనశాస్త్రంలో పట్టా పుచ్చుకున్న నన్ను చూసి, "నీది కాగితం మీది డాక్టరేటు అక్కా, దాన్ని చెదలు తింటాయి," అని ఎగతాళి చేసేది.

చెదలు ముందు పట్టింది ఆమె కంటికే.

కంటి వెనక పొర ఎండిపోతోందనీ, ఆపరేషన్‌కు లొంగేది కాదనీ డాక్టరు చెప్పారు. ఆకారాలు ఇంకా చాలాకాలం అందుతాయట. రంగులు మాత్రం ఒకటొకటిగా పోతాయట, నీలంతో మొదలుపెట్టి. ఆసుపత్రి మెట్లు దిగుతూ చెల్లెలు నా మోచేయి పట్టుకుంది. సూది ఎక్కడ దిగుతోందో కన్ను చెప్పకపోయినా వేళ్లకు తెలుస్తుందంది. "రంగు ఒక్కటి నువ్వు చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు, నాకదే చాలు," అంది. చెబుతానన్నాను. ఆమె పని నిలవడమైనా పోవడమైనా ఇక ఆ మాట మీదే.

అప్పటికి మిషన్ మీద ఒక నాటకశాల తెర ఉంది. దాని అడుగున పొడుగునా అలలు రావాలి. పన్నెండు గుడ్డలుగా కుట్టి, చివర జతచేయాలి. ఏడు గుడ్డలయ్యేసరికి నీలం రీలు అయిపోయింది. చీటీ ఉంటే నంబరు చెప్పి అదే తెచ్చుకునేవాళ్లం. లేదు కనుక, మిగిలిన మూరెడు దారం పట్టుకుని ఇద్దరం కొట్టుకు వెళ్లాం.

చుట్టి ఉన్నప్పుడు దారం ముదురుగా కనిపిస్తుంది. ఒంటిపోగు తీస్తేనే అసలు రంగు బయటపడుతుంది. అందుకని చెల్లెలు పాత దారం కొసనూ కొత్త దారం కొసనూ చూపుడువేలికి పక్కపక్కన చుట్టుకుని, గుమ్మంలో ఎండకు పట్టి చూస్తుంది. వేలికి దెబ్బ తగిలిందా, కట్టు కట్టావు అని కొట్టువాడు ఎప్పుడూ వేసే హాస్యమే వేశాడు. నీ దారం కొన్నాక తగలకుండా ఎలా ఉంటుందని ఆమె ఎప్పుడూ ఇచ్చే జవాబే ఇచ్చింది. నాలుగో రీలు దగ్గర ఆగి, వేలు నా ముందుకు చాచింది.

"అక్కా, కలిసిందా?"

కలవలేదు. కొత్త దారంలో వంగపండు ఛాయ ఉంది. వెంట్రుకవాసే, కానీ ఉంది. అయితే తానే ఎంచుకున్నానన్న వెలుగు ఆమె ముఖంలో చాలా రోజులకు కనిపించింది.

"కలిసింది," అన్నాను.

దీన్ని జాలి అని చెప్పుకోవచ్చు. కానీ దీపం మారితే రంగుల మధ్య తేడా కూడా మారుతుందని ఇరవై ఎనిమిదేళ్లు పాఠం చెప్పినదాన్ని. తెలియదనడానికి నాకు వీల్లేదు.

తెర కట్టి దీపాలు వేయగానే ఏడు గుడ్డల మీద సముద్రం, అయిదు గుడ్డల మీద వంగతోట కనిపించాయి. నాటకశాల మేనేజరు మర్యాదస్తుడు, గొంతు పెంచలేదు. "ఇక్కణ్ణుంచి ఇంకెవరైనా కుట్టారా అమ్మా? రంగు మారిపోయింది," అన్నాడు. చెల్లెలు తెర వైపు చూడలేదు. నేనున్న వైపు తిరిగి, నా మాట కోసం నిలబడింది. నేను తెర అంచు సర్దసాగాను.

మర్నాడు ఒక్కదాన్నే కొట్టుకు వెళ్లి, పందొమ్మిది రీళ్లు ఎండలోనూ దీపం కిందా చూసి, అసలు నీలం పట్టుకొచ్చాను. చీటీ తీయలేదు. అయిదు గుడ్డలూ విప్పుతాను, మళ్లీ కుట్టమన్నాను. ఆమె కాదనలేదు. మిషన్ ముందు కూర్చుని, అలవాటు కొద్దీ రెండు కొసలూ వేలికి చుట్టుకుని కిటికీకి పట్టింది.

"కలిసిందా?"

"కలిసింది. ఈసారి నిజంగా."

"అప్పుడూ ఇదే గొంతుతో అన్నావక్కా."

కోపంగా అనలేదు. వేలి మీది దారం మెల్లగా విప్పి, రీలు నా చేతిలో పెట్టి, మిషన్ మీద గుడ్డ కప్పింది. ఆ గుడ్డ మళ్లీ తీయలేదు.

మేనేజరు ఆ అయిదు గుడ్డలనూ పక్క వీధి ఆవిడకు ఇచ్చాడు. ఆమె పాత పుస్తకంలో ఆ నీలం నంబరు ఉందట. రంగు చక్కగా కలిసిందట. తెర ఎవరు పూర్తి చేశారని నిన్న చెల్లెలు అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ ఒక్క మాటనూ ఆమె మారు అడగకుండా నమ్మింది.