మంకు తాత పిలిచిన పేరు

నేను ఒక కిక్రిని. ఎరగనివాళ్లకు చెప్తున్నా, కమానుతో వాయించే వాద్యాన్ని. నా తీగలు గుర్రం తోక వెంట్రుకలు. ఆదిలాబాదు అడవుల్లో మా పాటగాడు మంకు తాత వాళ్ల నాన్న చెక్క తొలిచి, మేకతోలు కప్పి నన్ను చేశాడు. పెళ్లిళ్లలోనూ పలికాను గానీ, నా అసలు పని పోయినవాళ్ల పాట. మంకు పాడితే చనిపోయినవాళ్లు పేరు పేరునా గుమ్మంలోకి వస్తారు. పాట చివర వాళ్లను సాగనంపాలి. మధ్యలో ఆపకూడదు. మా గూడెంలో పసిపిల్లలకు కూడా తెలుసు ఈ సంగతి.

బడికి తెలియదు. ఆదివాసీ సంస్కృతి చెప్పమని పైనుంచి ఆదేశం వచ్చింది. శనివారం ఒక్క పీరియడ్ ఇచ్చారు. ఎంత దొడ్డ మనసో! సుగుణ టీచర్, పాపం, ఇంటికొచ్చి మరీ మంకును పిలిచింది. ఏదైనా సరదా పాట పాడమంది. సరేనన్నాడు గానీ, ముందు బెంచీలో మనవరాలు జంగుబాయి కనిపించేసరికి మనసు మార్చుకున్నాడు. ఆ పిల్ల హాస్టల్లో ఉండగానే తల్లి పోయింది. పరీక్షలని ఎవరూ కబురు పెట్టలేదు. కడచూపు దక్కలేదు.

మంకు పాట ఎత్తుకున్నాడు. పోయిన తన కూతురి పేరు పిలిచాడు. ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను చూశాను. జంగుబాయీ చూసిందని ఆ పిల్ల మొహమే చెప్పింది. అంతలో గంట కొట్టారు. లెక్కల సారు ఆమెలోంచే నడిచి లోపలికి వచ్చాడు.

మిగిలింది వచ్చే శనివారం పాడమంది టీచర్.

"పిలిచినోళ్లను వాకిట్ల నిలవెట్టి పోతరా, పంతులమ్మా?" అన్నాడు మంకు.

ఆమెకు అర్థం కాలేదు. ఆ శనివారం రాకముందే మంకు జ్వరంతో పోయాడు. 'ముట్టరాదు' అని చీటీ అంటించి నన్ను తరగతి గోడకు తగిలించారు. పిలిచి పీట వెయ్యకపోతే బతికున్నవాళ్లే అలుగుతారు. జంగుబాయి తల్లి అలగలేదు, గుమ్మంలోంచి కదలనూ లేదు. గంట మోగినప్పుడల్లా ఉలిక్కిపడేది. అబద్ధమెందుకు, నాకు భయమేసేది.

గూడెంవాళ్లు సంగతి చెప్పాక టీచర్ కుమిలిపోయింది. ఆ పాట వచ్చిన ముసలాయన్ని పక్క ఊరినుంచి వెతికి తెచ్చింది. ఆ రోజు గంట కొట్టొద్దని పెద్దసారుతో పోట్లాడింది కూడా. ముసలాయన నన్ను దించి, దండం పెట్టి, కమాను అందుకున్నాడు. హమ్మయ్య అనుకున్నాను.

జంగుబాయి లేచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"వద్దు తాతా. పాట అయిపోతే అమ్మ పోతది."

ఆయన కమాను కింద పెట్టాడు. పిల్ల తన చోటికి వెళ్లి, గుమ్మం వైపు చూస్తూ, బెంచీ మీద ఇంకొకరు పట్టేంత పక్కకు జరిగి కూర్చుంది.

గుమ్మం ఖాళీ అయింది.