వాలు అక్షరాలు

తెలంగాణ ఉద్యమం ముదిరిన ఆ ఏడు దిల్‌సుఖ్‌నగర్‌లో క్లాసులకన్నా బందులే ఎక్కువ జరిగాయి. త్రినాథరావు విసిగిపోయాడు. పోటీ పరీక్షల పిల్లలకు ఇంగ్లీషు చెబుదామని తణుకు నుంచి వచ్చి ఇరవై నాలుగేళ్లు. ఇప్పుడేమో జనం ఆయన్ను సెట్లర్ అంటున్నారు. ఇక చాలు, ఊరెళ్లిపోదామనుకున్నాడు. ఈ సాయంత్రం తాళాలిచ్చేస్తానని హాలు ఓనరు కౌసల్యమ్మకు నిన్ననే చెప్పాడు.

పిల్లలకు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. వచ్చింది తొమ్మిది మంది. ఇంగ్లీషులో కొత్త మాటలు ఎలా పుడతాయన్నది పాఠం. బ్రేక్‌ఫాస్టునీ లంచినీ అతికించి బ్రంచి చేశారనీ, టెలిఫోనును నరికి ఫోను చేశారనీ ఓపిక లేని గొంతుతో చెబుతూ బోర్డు నింపాడు.

“అరువు మాటలూ ఉంటాయి. మన బందూ, ధర్నా అలా ఇంగ్లీషులోకి వెళ్లినవే. బయటివని తెలియడానికి కొత్తలో వాటిని వాలు అక్షరాల్లో, అంటే ఇటాలిక్స్‌లో అచ్చేస్తారు. అలవాటయ్యాక నిటారుగా నిలబెడతారు.”

“ఎన్నేండ్లకు సార్?” అన్నాడు సైదులు. నల్లగొండ పల్లె నుంచి వచ్చినవాడు. పొద్దున దీక్షా శిబిరంలో కూర్చుంటాడు, మధ్యాహ్నం క్లాసులో.

“దానికి లెక్క లేదు నాయనా. జనం తమదనుకున్నప్పుడు.”

అంతలో కండువాలు వేసుకున్న నలుగురు మెట్లెక్కి వచ్చారు.

“ఎల్బీనగర్ల రాస్తారోకో నడుస్తుంటే గీడ క్లాసేంది? ఎవలిది గీ సెంటరు? ఆంధ్రోళ్లదా?”

త్రినాథరావుకు భయమేసింది. ఈ వయసులో తనకీ పరీక్షేమిటని సిగ్గూ వేసింది.

సైదులు లేచాడు. “మా సారుదన్నా. మనోడే.”

వాళ్లు సైదులును గుర్తుపట్టారు. “జర జల్ది మూసేయుండ్రి,” అని దిగిపోయారు.

ఇన్నేళ్లలో మనోడన్న మాట తన గురించి వినడం ఇదే మొదలు. ఆయన కళ్లు చెమర్చాయి. కానీ మాటలతో కాపురం చేసిన చెవి ఊరుకుంటుందా? మనోడే అనే ముందు సైదులు ఒక్క క్షణం ఆగాడు. ఆ మాటను కాస్త వాల్చే పలికాడు. అదీ విన్నాడాయన.

పిల్లలు వెళ్లాక తాళం వేసి దిగాడు. కింద గుమ్మంలో కౌసల్యమ్మ చెయ్యి చాపింది.

“ఏం సారూ, తాళాలిస్తున్నరా?”

జేబులో తాళాలు తడుముకున్నాడు. ఒంట్లో ఓపిక లేదు. అయినా చెయ్యి బయటికి రాలేదు.

“అరువు మాటల పాఠం ఇంకా అవలేదమ్మా,” అని, బస్సుల్లేని రోడ్డు మీద కొత్తపేటలోని ఇంటికి నడక మొదలుపెట్టాడు.