ఎనభై మూడో రాయి

ప్యో గిహ్యన్ మాస్టారికి ఓపిక ఒక్కటి తప్ప అన్నీ ఉన్నాయి. గున్‌సాన్ ఊళ్లో మందుల షాపు మేడమీద, నల్లరాళ్లు తెల్లరాళ్లతో ఆడే బదుక్ ఆట నేర్పే సొంత బడి ఉంది. ఇరవై రెండేళ్ల అనుభవం ఉంది. గోడ మీద కుంచెతో రాయించిన ‘ఓర్పు’ అనే పెద్ద అక్షరాలు కూడా ఉన్నాయి. సరిగ్గా ఆ అక్షరాల కిందే కూర్చుని ఆయన పిల్లల మీద ఒంటికాలిపై లేస్తుంటారు.

ఆ శనివారం దెజన్ నగరంలో, పిల్లల బదుక్ పోటీ జరుగుతున్న హాలు బయట ఆయన కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు. మొదటి ఆట ముగిసి పావుగంటయింది. ఆయన శిష్యుడు మేంగ్ యుచాన్ ఓడిపోయాడు. ఓడితే ఓడాడు, ఓడినవాడు పత్తా లేకుండా పోవడమే అసలు తలనొప్పి.

బదుక్‌లో ఓడినవాడు చేతులు దులుపుకుని లేచిపోకూడదు. గెలిచినవాడితో కలిసి అదే ఆట పలక ముందు కూర్చోవాలి. నల్లరాళ్లు, తెల్లరాళ్లు ఎవరి గిన్నెలోవి వాళ్లు తీసేసుకుని, మొదటి రాయి నుంచి ఆటంతా మళ్లీ పేర్చాలి. ఎక్కడ చెడిందో ఇద్దరూ కలిసి వెతకాలి. దాన్నే బోక్గి అంటారు. ఏడేళ్ల పసివాళ్లు కూడా ముక్కులు ఎగబీలుస్తూ కూర్చుంటారు. పదిహేనేళ్ల యుచాన్ మాత్రం బోక్గి ఎగ్గొట్టి పారిపోవడం ఈ ఏడాదిలో ఇది ఆరోసారి.

రెండు ఆటలు ఓడితే పోటీ నుంచి అవుట్. రెండోది ఇంకో గంటలో ఉంది. అంతకన్నా పెద్ద చిక్కు వాడి తల్లి. పొద్దున్నే ఫోన్ చేసి తేల్చి చెప్పేసింది.

“గెలుస్తాడో లేదో నాకనవసరం మాస్టారూ. ఓడినప్పుడల్లా పారిపోవడం అలవాటైతే రేపు బతుకులో ఏం నిలబడతాడు? ఇవాళ కూడా బోక్గికి కూర్చోకుండా ఇంటికొచ్చాడంటే సోమవారం నుంచి మీ బడికి పంపను. ఖచ్చితంగా చెప్తున్నా.”

మాస్టారి గుండెల్లో రాయి పడింది. బడిలో ఉన్న పదకొండు మందిలో ఆట మీద నిజంగా పిచ్చి ఉన్నవాడు వాడొక్కడే. వాడు పోతే తన ఇరవై రెండేళ్లూ గంగలో కలిసినట్టే అనిపించింది ఆయనకు. మరుగుదొడ్లు వెతికారు, మెట్లు వెతికారు, బస్టాపు దాకా పరుగెత్తి వచ్చారు. చివరికి రోడ్డుకు అవతల చిన్న సూపర్‌మార్కెట్ అద్దాల వెనక వాడు కనిపించాడు. కప్పు రామ్యన్ నూడుల్స్ ముందు పెట్టుకుని దీక్షగా తింటున్నాడు.

“ఇక్కడ మేస్తున్నావా! ఊరంతా గాలించాను కదరా!”

“ఊరంతా ఎందుకు సార్, ఎదురుగా ఉన్న షాపేగా.”

“నోర్ముయ్. పాపం ఆ పిల్లాడు పలక ముందు నీకోసం ఎంతసేపు కూర్చున్నాడో తెలుసా? ఒక్క ఆట ఓడేసరికి అంత పౌరుషం పొడుచుకొచ్చిందా?”

“నేను ఓడినందుకు పారిపోలేదు.”

“మరి దేనికో?”

యుచాన్ చాప్‌స్టిక్స్ కప్పు మీద అడ్డంగా పెట్టాడు. తల ఎత్తలేదు. “మీరొస్తున్నారని.”

“నేనొస్తే నీకేంట్రా?”

“మీరొచ్చి నెత్తిన నిలబడతారు సార్. నేను పది రాళ్లు పేర్చకముందే ‘ఇదిగో ఇక్కడ చంపావురా ఆటని’ అని నా చేతిలోంచి రాయి లాగేసుకుంటారు. అవతలివాడు నవ్వుకుంటాడు. ఆట ఎలాగూ నేనే ఓడాను. ఎలా ఓడానో కూడా నన్ను చూసుకోనివ్వరు.”

అంతా నీ మంచికే కదరా అన్న మాట మాస్టారి గొంతు దాకా వచ్చింది. వాడి చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. అవి చూసి ఆ మాట మింగేశారు.

“సరే. ఈసారి నోరు తెరవను.”

“మీరా?” వాడికి నిజంగానే నవ్వొచ్చింది. “పొద్దున బస్సులో నిద్రపోతూ కూడా ‘ఎక్కడ పెట్టావురా దరిద్రుడా’ అన్నారు. పక్కసీటు తాతగారు ఉలిక్కిపడి లేచారు.”

“తెరవనన్నానా! ఓడినా లేవకుండా కూర్చుంటావా?”

“మీరు మాట్లాడకపోతే కూర్చుంటా.”

రెండో ఆటలో ఎదుటివాడు చంగ్‌జు నుంచి వచ్చిన తక్ సియోన్, బక్కపల్చటి కళ్లద్దాల పిల్లాడు. యుచాన్‌వి నల్లరాళ్లు. మాస్టారు చూసేవాళ్లకు అడ్డంగా కట్టిన తాడుకు ఇవతల కుర్చీలో కూర్చున్నారు, లేచారు, మళ్లీ కూర్చున్నారు. మోకాలు దానంతటదే ఊగుతోంది. ఎనభై మూడో రాయి యుచాన్ నేరుగా తెల్లరాళ్ల మధ్యకు దూర్చాడు. మాస్టారు కుర్చీలోంచి సగం లేచి, పక్కనున్నవాళ్లు చూస్తుంటే దగ్గు నటించి కూర్చున్నారు. అయిపోయింది, వెధవ మునిగిపోయాడు! పది నిమిషాలు తిరగకుండానే అక్కడి నల్లరాళ్ల గుంపు మొత్తం తెల్లరాళ్ల మధ్య చిక్కి చచ్చింది. మరో అరగంట కొట్టుకుని, యుచాన్ రెండు రాళ్లు పలక అంచున పెట్టి ఓటమి ఒప్పుకున్నాడు.

పోటీ వాడికక్కడితో సరి. వచ్చే ఏటికి వాడికి వయసు దాటిపోతుంది.

యుచాన్ కుర్చీలోంచి లేచాడు. తలుపు వైపు చూశాడు. ఆ తర్వాత మాస్టారి వైపు చూశాడు. మాస్టారు రెండు చేతులూ జేబుల్లో దోపుకుని, పెదవులు బిగించి, ఉన్నచోటు నుంచి కదలకుండా నిలబడ్డారు. తర్వాత వాడు మెల్లగా కూర్చున్నాడు.

“పేరుద్దామా?” అని సియోన్‌ని అడిగాడు.

మొదటి రాయి పెట్టాడు. రెండు, మూడు, పది, ఇరవై. మాస్టారు అయిదడుగుల దూరంలోకి వచ్చి ఆగిపోయారు. ఎనభై మూడు ఎప్పుడొస్తుందా అని ఆయన లోపల ఉడికిపోతున్నారు. ఇంత నిదానంగా పేరిస్తే తెల్లారిపోతుంది కదరా! నేరుగా అక్కడికి వెళ్లి చూపిస్తే రెండు నిమిషాల పని. నాలుక పళ్ల మధ్య పెట్టుకుని కొరుక్కున్నారు.

నలభై ఒకటో రాయి దగ్గర యుచాన్ ఆగాడు.

“ఇక్కడే” అన్నాడు.

“ఇక్కడేంటి, ఆట పోయింది ఎనభై మూడు దగ్గర కదా?” అన్నాడు సియోన్. మాస్టారు దాదాపు తల ఊపబోయారు.

“కాదు. అప్పటికి నాకు దూరడం తప్ప వేరే దారి లేదు. ఇక్కడ నువ్వు మీదకొస్తావని భయపడి నా మూల కట్టుదిట్టం చేసుకున్నాను. భయపడకుండా ఇటు రావాల్సింది.” వాడు ఆ రాయి తీసి నాలుగు గీతల అవతల పెట్టాడు.

పిచ్చి ఎత్తు, అనుకున్నారు మాస్టారు. తెల్ల ఇటు కొడుతుంది, నల్ల అటు వస్తుంది. మళ్లీ తెల్ల... మనసులో పది ఎత్తులు ముందుకు వెళ్లి చూశారు. మళ్లీ మొదటికొచ్చి చూశారు. ఎత్తు సరైనదే. ఆ ఎత్తు ఆయనకు తట్టనేలేదు. తన నోరు గనక తెరుచుకుని ఉంటే వాణ్ని మెడపట్టి ఎనభై మూడు దగ్గరికి ఈడ్చుకుపోయేవారు. వాడు ఈ రాయి దగ్గరికి జన్మలో చేరేవాడు కాదు.

బడి మానేసిన పిల్లలు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. గుక్ జెహా, ఆ కవలలు, సైకిల్ మీద వచ్చే పొట్టివాడు. అందరి తల్లిదండ్రులకూ ఆయన ఒకే మాట చెప్పి పంపారు: మీవాడికి పట్టుదల లేదండీ. ఆయనకు సిగ్గేసింది. మెడ దాకా వేడెక్కేంత సిగ్గు.

తర్వాతి ఆటకు పేరు పిలవడంతో సియోన్ వంగి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. యుచాన్ ఒక్కడే మిగిలాడు. ఇప్పుడు కన్నీళ్లు కారుతున్నాయి. వాడు తుడుచుకోవడం లేదు, కుర్చీలోంచి లేవడమూ లేదు.

“ఇప్పుడు చెప్పండి సార్” అన్నాడు పలక మీంచి చూపు తిప్పకుండా. “ఇటొస్తే తెల్ల ఏం చేస్తుంది?”

మాస్టారు సియోన్ ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్నారు. తెల్లరాళ్ల గిన్నె దగ్గరికి లాక్కున్నారు.

“నాకు తెలీదురా” అన్నారు. “పెట్టు, చూద్దాం.”