నాయిన లామినేషన్ కాగితం

మా నాయిన బక్కయ్యకు ఇంట్లో ప్రాణమైనవి రెండే. ఒకటి చేపల వల, రెండోది లామినేషన్ చేయించిన కాగితం. మూడేళ్ల కింద హెపటైటిస్ సి అనే లివర్ జబ్బుకు మూడు నెలలు మందులు మింగాక, రక్తంలో వైరస్ లేదని వచ్చిన రిపోర్టు అది. గంగమ్మ పటం పక్కన మేకు కొట్టి వేలాడదీశాడు. షామీర్‌పేట చెరువులో తనతో చేపలు పట్టే మత్స్యకారుల సంఘంవాళ్లు ఎవరొచ్చినా ముందు దాన్నే చూపించేవాడు.

డాక్టర్ పద్మలత ఆనాడే చెప్పింది. వైరస్ పోయినా అది పాడుచేసిన లివర్ అలాగే ఉంటుందని, క్యాన్సర్ ప్రమాదం తగ్గుతుందే గానీ పూర్తిగా పోదని, ఆరు నెలలకోసారి స్కానింగ్ తప్పదని. రెండుసార్లు వెళ్లాడు. తర్వాత రమ్మంటే గోడవైపు వేలు చూపించేవాడు.

"సర్టిఫికెట్ ఉన్నంక మల్ల పరీక్ష ఏంది?"

నాకు ఒళ్లు మండేది. మేడ్చల్‌లో మందుల దుకాణంలో పనిచేస్తూ ఊరందరికీ జాగ్రత్తలు చెప్పేదాన్ని, ఇంట్లో మనిషికి చెప్పలేకపోయాను. ఏడాది గడిచింది. చివరికి మా అమ్మ యాదవ్వే ఆ పని చేసింది. ఒకరోజు నాయిన వల ఆరేసి, చిరుగులు వెతుక్కుంటూ కుడుతున్నాడు.

"చేపలన్ని అమ్ముడువొయినయి గదా, ఇగ వల జూసుడెందుకు?" అంది.

"యాడన్న చినిగిందేమో సూడొద్దా?"

"గట్లనే నీ లివర్ గుడ జూపియ్యి. లెవ్వు."

నాయిన వల పక్కనపెట్టి చొక్కా తొడుక్కున్నాడు.

స్కానింగులో లివర్ మీద మచ్చ కనిపించింది. ఇంకో పెద్ద స్కాన్ తీసి, మూడు రోజులు ఆగమన్నారు. ఆ మూడు రోజులూ నాయిన చెరువుకు పోలేదు, గోడవైపు చూడలేదు. ముందే గట్టిగా లాక్కెళ్లనందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

నాలుగో రోజు పద్మలత మేడం రిపోర్టు చూసి, "క్యాన్సర్ కాదు బక్కయ్యగారూ. రక్తనాళాల చిన్న ముద్ద, దాంతో ప్రమాదం లేదు" అంది.

అమ్మ కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నాయిన రిపోర్టును రెండు చేతులా అందుకున్నాడు.

"గిది గుడ లామినేషన్ జేపిస్త మేడం."

"వద్దు. ఈ రిపోర్టుకు ఆరు నెలలే ఆయుష్షు."

ఇంటికి రాగానే నాయిన పాత కాగితం తీసి, చేపల మీద ఈగలు తోలుకొమ్మని అమ్మ చేతికిచ్చాడు. కొత్తదాన్ని అదే మేకుకు గుచ్చాడు.

"మల్ల ఎప్పుడు పోవాల్నో దీని మీద పెద్దగ రాయి కావ్యా," అన్నాడు, "సంఘపోళ్లకు గుడ కనవడాలె."