రెండోసారికీ మూడోసారికీ మధ్య

గొంతుకు శ్రమ లేకుండా, ఏదైనా కావాలంటే చెంచాతో గ్లాసు మీద కొట్టమని మామయ్యకు చెప్పాను. ఆయన తలుపు గొళ్లెం వాయించారు. నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకున్న మా ఆయన రఘుపతి ఉలిక్కిపడి లేచాడు. గ్లాసు ఎందుకు కొట్టలేదని నేను, హాస్టల్ పిల్లగాడిలా గ్లాసు కొట్టనని మామయ్య, ఇద్దరూ కలిసి తన నిద్ర చెడగొట్టారని రఘుపతి, పది నిమిషాలు వాదించుకున్నాం. ఇంతకీ మామయ్య వెతుకుతున్నది కళ్లజోడు. అది ఆయన జేబులోనే ఉంది.

మామయ్య సదయ్య ముప్ఫై ఏళ్లు పత్తి మార్కెట్ యార్డులో వేలం పాడారు. ఖరీదుదారులు గుంపుగా వెంట నడుస్తుంటే ఒక్కో కుప్ప దగ్గరా నిలబడి ధర పెంచుకుంటూ పోయి, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని ఖాయం చేసేవారు. ఆ కేకలకు గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేయించుకుని నెల రోజులు నోరు మెదపకూడదని, ఇంకో రెండు సీజన్లు అరిస్తే మాటే పోతుందని కరీంనగర్ డాక్టరు నిరుడే చెప్పాడు. మామయ్య వినలేదు.

ఎందుకు వినలేదో ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. ధర మరీ తక్కువలో ఆగిపోయి, అమ్మేది దిక్కులేని మనిషైతే, రెండోసారికీ మూడోసారికీ మధ్య ఆయన దగ్గేవారు, దగ్గు రాకపోయినా. ఆ కాస్త వ్యవధిలో ఎవరో ఒకరు సిగ్గుపడి యాభయ్యో వందో పెంచేవాళ్లు. నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా మా నాన్న వానకు తడిసిన పత్తి తెస్తే ఆయన మూడుసార్లు దగ్గారు. అప్పటికి మేము ఆయనకు ఏమీ కాము. ఆ ఏడు నా చదువు ఆగలేదు. తను మానేస్తే ఇంకొకరెవరూ అలా ఆగరని ఆయన భయం.

ఈ సీజన్ నుంచి యార్డులో కేకలు బంద్. కుప్పకో నంబరు ఇస్తారు. ఖరీదుదారులు ఎవరి ఫోన్లో వాళ్లు ధర వేస్తారు. పన్నెండున్నరకు ఎవరిది ఎక్కువో కంప్యూటర్ చూపిస్తుంది. మొదటి రోజు చూసి వస్తానని మామయ్య బయలుదేరితే, అక్కడ గొంతు చించుకుని గొడవ పెట్టుకుంటారేమోనని నేనూ వెంట వెళ్లాను.

యార్డు పరీక్ష హాలులా ఉంది. ఖరీదుదారులు ఒక్కొక్కరే వచ్చి, పిడికెడు పత్తి లాగి పింజ పొడవు చూసి, ఫోన్లో ఏదో నొక్కి వెళ్లిపోతున్నారు. భర్త పోయాక రామగిరి దగ్గర రెండెకరాలు ఒక్కతే చేసుకుంటున్న కనకవ్వ తన కుప్ప పక్కనే కూర్చుని ఉంది.

"సదన్నా, గీ డబ్బాకు దగ్గొస్తదా?" అంది, గోడ మీది కంప్యూటర్ బోర్డు వైపు చూపించి.

రైతులందరికీ తెలుసన్నమాట. మామయ్య మొహం పక్కకు తిప్పుకున్నారు.

పన్నెండున్నరకు బోర్డు మీద అంకెలు వచ్చాయి. కనకవ్వ పత్తికి క్వింటాలు ఏడు వేల రెండు వందల పది. మామయ్య నాతో రెండుసార్లు చదివించుకున్నారు. ఆ పత్తిని నోటితో పాడితే ఆరు వేల ఎనిమిది వందలు దాటదని ఆయన పొద్దున్నే చేతిలోకి తీసుకుని చూసి చెప్పారు. కొన్న నర్సింగం పక్కనే నిలబడి గొణిగాడు.

"పక్కోడు ఎంత ఏసిండో తెల్వదాయె. పోతదేమోనని జర ఎక్కువనే ఏసిన."

నిరుటిదాకా వేలంలో ఒకరి మొహం ఒకరు చూసుకుని ధర పెంచకుండా ఆగిపోయిన మనుషులే వీళ్లంతా. మామయ్య బోర్డు వైపు చూస్తూనే అన్నారు.

"ముప్పై ఏండ్లు దగ్గినా నాకు గింత రాలే బిడ్డా."

బస్సులో ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. మనసు కష్టపెట్టుకున్నారేమో అనుకున్నాను. నేను మాత్రం ఆ పేరు తెలియని యంత్రానికి మనసులోనే దండం పెట్టుకున్నాను. మా నాన్నకు ఈయన చేసింది కనకవ్వకు అది చేసింది. డాక్టరు ఎంత చెప్పినా వినని మనిషిని ఇంటికి కూడా పంపింది.

రాత్రి డ్యూటీకి వెళ్లే ముందు రఘుపతి అన్నానికి కూర్చున్నాడు. మామయ్య కూడా కూర్చుని, రెండు ముద్దలు తిన్నాక, సోమవారం కరీంనగర్ వెళ్లి గొంతులో గడ్డ కోయించుకుంటానని చెప్పారు. నెల రోజులు మాట్లాడకుండా నువ్వు ఉంటావా అని రఘుపతి నవ్వాడు. తర్వాత నవ్వాపి, లీవు పెడతానన్నాడు.

"లీవెందుకురా," అన్నారు మామయ్య, నా వైపు చూపించి. "యమునను తోల్కపోత. నెల రోజులు నా తరఫున మాట్లాడేది గామెనే."